చిన్న ద్వీప దేశానికి యువజన ఉపాధి వ్యూహం: తీసివేత లెక్క నుంచి కేబినెట్ దాకా

యువజన ఉపాధి వ్యూహం రాయమని ఆదేశం రాగానే చాలా శాఖలు ఒక వర్క్‌షాప్ పెట్టి, చార్టుల మీద రంగు కాగితాలు అంటించి, దార్శనిక వాక్యం రాసుకుంటాయి. ఆ వాక్యం చివర్లో రాసుకున్నా కొంపేమీ మునగదు. ముందు తేలాల్సింది ఒక తీసివేత లెక్క. ఏటా ఎంతమంది బడి వదిలి పని వెతుక్కుంటున్నారు? దేశంలో జీతం వచ్చే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది? ఎంతమంది విమానం ఎక్కుతారు? చివరికి మిగిలేది ఎందరు? ఆ మిగిలిన వాళ్ల కోసమే వ్యూహం రాయాలి. పెద్ద దేశాల పత్రాలను ముందు పెట్టుకుని రాసినవాటిలో ఈ అంకె ఎక్కడా కనబడదు. లక్ష జనాభా, వందల మైళ్ల సముద్రం, ఎప్పుడో గాని రాని సరుకు నౌక ఉన్న చోట ఈ అంకె లేకుండా రాసింది ఎవరికీ పనికిరాదు.

ఇక్కడ చెప్పేదంతా పసిఫిక్ ద్వీప దేశాలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది. కార్మిక శాఖలో ముగ్గురు నలుగురు ఉద్యోగులు, ఒక బయటి కన్సల్టెంట్, ఏడాది గడువు ఉన్నాయనుకుని చదవండి.

ముందు తలుపు సంగతి తేల్చుకోండి

ద్వీప దేశాలన్నీ ఒక గాటన కట్టదగ్గవి కావు. మీ దేశ యువతకు బయటి దేశంలో పనిచేసే హక్కు ఎంత ఉందన్నదాన్ని బట్టి సమస్యే మారిపోతుంది. కుక్ ఐలాండ్స్, నియువే ప్రజలకు న్యూజిలాండ్ పౌరసత్వం ఉంది. మార్షల్ ఐలాండ్స్, మైక్రోనీసియా, పలావు ప్రజలు ఫ్రీ అసోసియేషన్ ఒప్పందం కింద అమెరికాలో ఉండవచ్చు, పనిచేసుకోవచ్చు. ఇలాంటి చోట్ల సమస్య నిరుద్యోగం కన్నా మనుషులు మిగలకపోవడమే. కుక్ ఐలాండ్స్‌లో హోటళ్లు నడవాలంటే ఫిలిప్పీన్స్ నుంచి, ఫిజీ నుంచి మనుషుల్ని తెచ్చుకోవాల్సి వస్తోంది. అక్కడ ‘ఉద్యోగాల సృష్టి’ అని పత్రం రాస్తే నవ్వులపాలే. జీతాల తేడా ఎంత, ఇళ్ల అద్దె ఎంత, వెళ్లినవాళ్లు తిరిగి రావాలంటే ఏం కావాలి అన్నవి అక్కడ రాయాల్సిన విషయాలు.

సమోవా, టోంగా, కిరిబాటి, తువాలులది మధ్య స్థితి. న్యూజిలాండ్‌లో స్థిరపడేందుకు ఏటా లాటరీ కోటా ఉంటుంది, దాంతోపాటు పంటల కాలంలో కొన్ని నెలలు వెళ్లి చేసొచ్చే సీజనల్ పనులుంటాయి. తువాలుకు ఇప్పుడు ఆస్ట్రేలియాతో ఫలేపిలి ఒప్పందం కూడా ఉంది. 2024లో అమల్లోకి వచ్చిన ఈ ఒప్పందం కింద ఏటా 280 మంది దాకా వెళ్లవచ్చు. పదివేల చిల్లర జనాభాకు 280 అంటే చిన్న అంకె కాదు, పదేళ్లలో బడి టీచర్ల జాబితా నుంచి పవర్ హౌస్ సిబ్బంది జాబితా దాకా అన్నింటినీ మార్చేయగలదు. వనువాటు, సోలమన్ ఐలాండ్స్‌కు ఇలాంటి పాత కోటాలు లేవు, వాళ్ల యువతకు ప్రధానంగా దొరికేది సీజనల్ పనే. మీ దేశం వీటిలో ఎక్కడుందో మొదటి పేజీలోనే రెండు వాక్యాల్లో రాసేయండి. మిగతా అధ్యాయాలకు పునాది అదే.

వయసు, అంకెలు, అంకెల్లోని మోసం

ఐక్యరాజ్య సమితి లెక్కలో యువత అంటే 15–24. దేశాల సొంత యువజన విధానాల్లో పై హద్దు 30 దాకా, కొన్నిచోట్ల 35 దాకా పోతుంది. ఈ గొడవను వర్క్‌షాప్‌లో తేల్చుకోవాలని చూడకండి, సగం రోజు దానికే పోతుంది. అంకెలను 15–19, 20–24, 25–29, 30–34గా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి, ఎవరికి కావాల్సినవి వాళ్లు కలుపుకుంటారు. పథకాలకు మాత్రం ఒక్కొక్కదానికి వేరే హద్దు పెట్టండి, ఎందుకంటే బయటి నియమాలు మీ చేతుల్లో ఉండవు. పసిఫిక్ కార్మికుల కోసం ఆస్ట్రేలియా నడిపే పామ్ పథకంలో చేరాలంటే కనీసం 21 ఏళ్లు నిండాలి. న్యూజిలాండ్ సీజనల్ పనుల పథకం ఆర్‌ఎస్‌ఈకి 18 చాలు. అంటే 18 నుంచి 20 వయసువాళ్లకు ఒక తలుపు మూసే ఉంటుంది. ఈ మూడేళ్ల ఖాళీని చూడని పత్రాలు బోలెడు.

తర్వాత నిరుద్యోగ రేటు. దీన్ని మొదటి పేజీలో పెట్టకపోవడమే మేలు. అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం నిరుద్యోగి అనిపించుకోవాలంటే పని లేకపోవడం ఒక్కటే చాలదు, పని వెతుకుతూ ఉండాలి, దొరికితే చేరడానికి సిద్ధంగా కూడా ఉండాలి. రాజధానికి దూరంగా ఉన్న బయటి ద్వీపంలో ఉద్యోగాలే లేనప్పుడు వెతికేదేముంది? వెతకనివాడు నిరుద్యోగి కాడు గనక రేటు తక్కువగా, అందంగా కనిపిస్తుంది. అందుకే సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 8.6.1 సూచిక, అంటే చదువు, ఉద్యోగం, శిక్షణ మూడూ లేని యువత శాతం, ఎక్కువ పనికొస్తుంది.

అయితే దానిలోనూ ఒక గుంట ఉంది. 2013లో కార్మిక గణాంకవేత్తల 19వ అంతర్జాతీయ సదస్సు ఉపాధి నిర్వచనాన్ని మార్చింది. జీతం కోసమో లాభం కోసమో చేసేదే ఉపాధి. ప్రధానంగా ఇంటి తిండికోసం సాగు చేసినా, చేపలు పట్టినా అది ‘పని’ అవుతుంది గాని ‘ఉపాధి’ కాదు. తెల్లవారకముందే పడవ వేసుకుని రీఫ్ (పగడపు దిబ్బ) దగ్గరికి వెళ్లి, పొద్దెక్కాక చేమదుంప మడిలో కలుపు తీసే కుర్రాడు పాత సర్వేలో ఉద్యోగి, కొత్త సర్వేలో మూడూ లేని యువకుడు. వాడి జీవితంలో ఏమీ మారలేదు, ప్రశ్నావళి మారింది. పాత, కొత్త అంకెలను ఒకే గ్రాఫ్‌లో గీసి ‘యువత పరిస్థితి దిగజారింది’ అని రాస్తే ప్రతిపక్షానికి పండగ, మీ మంత్రికి దండగ. రెండు నిర్వచనాల మధ్య నిలువు గీత గీయండి. కొత్త సర్వేలో సొంత తిండికోసం పనిచేసేవారిని వేరే వరుసలో చూపించండి. ఇంటి పని, పిల్లల సాకుడు మీద ఉన్న ఆడపిల్లలనూ వేరే వరుసలో పెట్టండి. వాళ్లకు కావాల్సిన పథకం వేరు.

శాంపిల్ విషయంలో ఒక చిన్న లెక్క చేసి చూసుకోండి. 1,000 ఇళ్ల సర్వేలో 15–24 వయసువాళ్లు 1,000 మంది దొరికారని, వాళ్లలో 25 శాతం మూడూ లేనివాళ్లని తేలిందనుకుందాం. ఇళ్లను ఊరి గుంపులుగా ఎంపిక చేయడంవల్ల వచ్చే అదనపు తేడాకు వేరియన్స్‌ను (అంకెల చెదురును కొలిచేదాన్ని) 1.5 రెట్లు చేస్తే, అసలు అంకె సుమారు 22 నుంచి 28 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఫర్వాలేదు. అదే సర్వేలో ఒక బయటి ద్వీపం నుంచి 80 మందే ఉంటే, అదే 25 శాతానికి హద్దులు 13 నుంచి 37 దాకా సాగుతాయి. ఈ అంకెతో ద్వీపాలకు ర్యాంకులు ఇవ్వకండి. ద్వీపాల వారీ చిత్రం కావాలంటే జనగణన వాడండి, పాతదైనా సరే. ఇంకో జాగ్రత్త: 400 మంది ఉండే ద్వీపంలో ‘మహిళా ఎలక్ట్రీషియన్: 1’ అని పట్టికలో వేస్తే ఆ మనిషి ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. 10 కన్నా తక్కువ ఉన్న గడులను పక్క గడులతో కలిపేయండి.

సర్వేకన్నా చవకగా, తరచుగా దొరికే సమాచారం రెండు రిజిస్టర్లలో ఉంటుంది. ఒకటి ప్రావిడెంట్ ఫండ్. ఫిజీ, సమోవా, వనువాటు, సోలమన్ ఐలాండ్స్, కిరిబాటి, తువాలు అన్నిచోట్లా జాతీయ ప్రావిడెంట్ ఫండ్‌లు ఉన్నాయి. ఏ నెలలో ఎంతమంది తరఫున చందా పడింది, వాళ్ల వయసెంత, ఈ ఏడాది కొత్తగా తెరిచిన ఖాతాలెన్ని అన్న మూడు అంకెలు పేర్లు లేకుండా ఇమ్మని లేఖ రాయండి. కొత్త ఖాతా అంటే దాదాపుగా మొదటి ఉద్యోగం. రెండోది వర్క్ పర్మిట్ రిజిస్టర్. విదేశీయులకు ఏ పనులకు పర్మిట్ ఇచ్చారో అదే మీ దేశంలో దొరకని నైపుణ్యాల జాబితా, యజమాని డబ్బు పెట్టి మరీ రుజువు చేసిన జాబితా. వర్క్‌షాప్‌లో యజమానులు చెప్పే కోరికలకన్నా దీన్ని నమ్మవచ్చు. కాకపోతే రిజిస్టర్‌లో ‘మేనేజర్’ అని రాసినవాళ్లలో కొందరు కొట్లో కౌంటర్ మీద కూర్చునేవాళ్లే ఉంటారు. అందుకని జీతం గడిని కూడా చూడాలి.

తీసివేత

లక్ష జనాభా ఉన్న దేశాన్ని ఊహించుకుందాం, ఇంచుమించు టోంగా అంత. కింది అంకెలు ఊహే, మీ రిజిస్టర్ల నుంచి అసలువి తెచ్చి ఆ స్థానాల్లో పెట్టుకోండి.

ఏటా 18 నిండేవాళ్లు 2,000. దేశం మొత్తంలో చందా పడే ఉద్యోగాలు 15,000. పదవీ విరమణ, మరణం, వలసల వల్ల ఏటా 4 శాతం ఖాళీ అయితే 600. ఉద్యోగాలు ఏటా 1.5 శాతం పెరిగితే మరో 225. మొత్తం 825 ఖాళీలు. వీటిలో మూడో వంతు వయసులో పెద్దవాళ్లకు, విదేశం నుంచి తిరిగొచ్చినవాళ్లకు పోతాయి. యువతకు మిగిలేవి 550. పైచదువులకు 300 మంది. సీజనల్ పనికి తొలిసారి వెళ్లేవాళ్లు 400. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఏ సమయంలోనైనా 2,500 మంది విదేశంలో ఉన్నారని ఆ అంకెను తీసివేస్తారు. ఆ 2,500లో ఎక్కువమంది ఏటేటా తిరిగి వెళ్లే పాత మనుషులే. లెక్కలోకి రావాల్సింది కొత్తగా వెళ్లేవాళ్లు మాత్రమే.

2,000 నుంచి 1,250 తీస్తే 750. ఏటా 750, అయిదేళ్లకు 3,750 మంది. వీళ్లు తోట, చేపలు, రోడ్డు పక్క అమ్మకం, బంధువుల ఇళ్లలో సాయం మీద బతుకుతారు. ‘అయిదేళ్లలో 10,000 కొత్త ఉద్యోగాలు’ అని ఎవరైనా లక్ష్యం రాయబోతే 15,000 అనే అంకెను పక్కన పెట్టి చూపించండి, చర్చ అక్కడికక్కడే నేలమీదికి దిగుతుంది. వ్యూహం చేయగలిగింది మూడే: 825లో యువత వాటా పెంచడం, బయటికి వెళ్లే దారి మెరుగుపరచడం, 750 మంది ఇప్పటికే చేస్తున్న పనిలో చేతికొచ్చే డబ్బు పెంచడం. మూడోది రాజకీయంగా మెరవదు గాని, ఎక్కువమందికి చేరేది అదే.

శిక్షణ: తక్కువ సీట్లు, తడవతడవకూ వేర్వేరు కోర్సులు

చిన్న దేశంలో శిక్షణ కేంద్రం ఏటా అదే కోర్సు నడిపితే మార్కెట్ రెండేళ్లలో నిండిపోతుంది. రిఫ్రిజిరేషన్ మెకానిక్కులు దేశం మొత్తంలో 60 మంది ఉన్నారనుకోండి. ఏటా కావాల్సిన కొత్తవాళ్లు అయిదారుగురు. ఏటా 20 మందిని తయారుచేస్తే మూడో ఏడు నుంచి వాళ్లు టాక్సీ నడుపుకోవాల్సిందే. కోర్సును నాలుగేళ్లకోసారి నడపండి, మధ్య ఏళ్లలో అదే వర్క్‌షాప్‌లో, వీలైతే అదే బోధకుడితో దగ్గరి విద్యలు నేర్పండి. సోలార్ అమర్చడం, చిన్న పడవ ఇంజన్ల మరమ్మతు, ఇంటి వైరింగ్ ఒక చక్రంలో తిరగవచ్చు. మరీ తక్కువమంది కావాల్సిన విద్యలకు సొంత కోర్సు పెట్టకుండా బయట సీట్లు కొనండి. 2007లో మొదలైన ఆస్ట్రేలియా పసిఫిక్ శిక్షణ సంస్థ ఏపీటీసీ ఆస్ట్రేలియా సర్టిఫికెట్లు ఇస్తుంది. అక్కడ చదివిన మెకానిక్ చేతిలో ఉన్న కాగితం దేశం దాటినా చెల్లుతుంది.

చెల్లుబాటు ముఖ్యం గాని, ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటం ప్రమాదం. కిరిబాటిలో బేటియో దగ్గర మెరైన్ ట్రైనింగ్ సెంటర్ 1967 నుంచి నావికులను తయారుచేస్తోంది. జర్మన్ షిప్పింగ్ కంపెనీలు వాళ్లను తీసుకునేవి, వాళ్లు పంపే జీతాల మీద ద్వీపాలకు ద్వీపాలే బతికాయి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఆ గిరాకీ పడిపోయింది. కోవిడ్ కాలంలో సరిహద్దులు మూసేస్తే నావికులు నెలల తరబడి విదేశాల్లో ఇరుక్కుపోయారు. శిక్షణ బాగాలేక కాదు, కొనేవాళ్లు కొద్దిమందే కావడం వల్ల. మీ పత్రంలో ప్రతి కోర్సుకూ కనీసం ఇద్దరు వేర్వేరు కొనుగోలుదారులు ఎవరో రాయండి. రెండో పేరు తట్టకపోతే సీట్లు తగ్గించండి.

డిజిటల్ ఉద్యోగాల గురించీ ఇదే మాట. 2022 జనవరి 15న హుంగా అగ్నిపర్వతం పేలినప్పుడు టోంగాకు ఉన్న ఒకే ఒక్క అంతర్జాతీయ సముద్ర కేబుల్ తెగింది. బాగుచేయడానికి అయిదు వారాలు పట్టింది. రెండో కేబుల్‌గాని, సరిపడా ఉపగ్రహ లింకుగాని లేకుండా ‘యువతకు కాల్ సెంటర్’ అని రాసుకోవడం జూదం.

డబ్బు ఎక్కడిది అంటే చాలామంది లెవీ, అంటే యజమానుల నుంచి చట్టప్రకారం వసూలు చేసే రుసుము, అంటారు. ఫిజీలో యజమానులు జీతాల మొత్తం మీద 1 శాతం శిక్షణ లెవీ కడుతూ వచ్చారు. మన ఊహా దేశంలో 15,000 ఉద్యోగాల్లో 6,000 ప్రభుత్వానివైతే, ప్రభుత్వం తన జేబులోంచి తన జేబులోకి వేసుకునే లెవీని లెక్కలోంచి తీసేయండి. మిగిలిన 9,000 మంది జీతాల మీద 1 శాతం అంటే 90 మంది ఏడాది జీతాలకు సమానం. వసూలు సిబ్బంది, తనిఖీ, మినహాయింపులు పోగా ఎంత మిగులుతుందో చూసుకుని అప్పుడు చట్టం గురించి ఆలోచించండి.

ఇంటర్న్‌షిప్ పథకాన్ని వేసే విధానం

చాలా ద్వీప దేశాలు ఎంచుకునే పథకం ఇదే: ప్రభుత్వం స్టైపెండ్ ఇస్తుంది, యజమాని ఆరు నెలలు పని నేర్పుతాడు. సులువుగా మొదలవుతుంది, సులువుగానే చెడుతుంది.

ఖర్చును డాలర్లలో కాకుండా నెల కనీస వేతనాల్లో లెక్కేయండి, అయిదేళ్ల తర్వాత కూడా అర్థమవుతుంది. 100 మంది, 6 నెలలు, కనీస వేతనంలో 80 శాతం స్టైపెండ్: 480. బయటి ద్వీపాల నుంచి వచ్చేవాళ్ల నౌక ఛార్జీలు, ప్రమాద బీమా, చూసుకునే ఉద్యోగి జీతం కలిపి 15 శాతం, అంటే 72. మొత్తం 552 నెలల వేతనం. చివర్లో 40 మంది అక్కడే ఉద్యోగంలో నిలిచారనుకోండి. పత్రికా ప్రకటనకు ‘40 ఉద్యోగాలు’ బాగానే ఉంటుంది. కానీ దరఖాస్తు చేసి సీటు దొరకనివాళ్లలో కూడా ఆ సమయానికి 25 శాతం మంది సొంతంగా ఉద్యోగం సంపాదించుకుని ఉంటే, పథకం వల్ల అదనంగా వచ్చినవి 15 మాత్రమే. ఒక్కోదానికి ఖర్చు దాదాపు 37 నెలల వేతనం. ఇది ఎక్కువా తక్కువా అన్నది మీ ఆర్థిక శాఖ తేల్చుకుంటుంది, ముందు అంకె అంటూ ఉండాలి. ఈ పోలిక నిజాయితీగా కుదరాలంటే అర్హుల జాబితా తయారయ్యాక సీట్లను లాటరీతో కేటాయించండి. అందరూ అందరికీ బంధువులయ్యే చోట లాటరీకి ఇంకో లాభం ఉంది: ఎంపిక అధికారి రాత్రి నిశ్చింతగా నిద్రపోతాడు.

నియమాలు కొద్దిగా ఉండాలి, గట్టిగా ఉండాలి. అయిదుగురు శాశ్వత ఉద్యోగులకు ఒక ఇంటర్న్‌కు మించకూడదు, లేకపోతే సూపర్ మార్కెట్ మొత్తం ప్రభుత్వ స్టైపెండ్ మీదే నడుస్తుంది. గత మూడు నెలల్లో ఎవరినైనా తీసేసిన యజమానికి సీటు లేదు. నేర్పాల్సిన పది పనుల పట్టికను ముందే రాసుకుని, నేర్పిన ప్రతిదానికీ సూపర్‌వైజర్ తేదీతో సంతకం చేయాలి. సర్టిఫికెట్ కన్నా తర్వాతి యజమాని చూసేది ఆ పట్టికనే. స్టైపెండ్ పదిహేను రోజులకోసారి, జీతాలిచ్చే రోజునే పడాలి. పిల్లలు మానేయడానికి ప్రధాన కారణం ఆసక్తి లేకపోవడమని నివేదికల్లో రాస్తుంటారు. బస్సు ఛార్జీకి డబ్బుల్లేక మానేసినవాళ్లను కూడా ఆ ఖాతాలోనే వేస్తారు. మొదటి రెండు విడతల స్టైపెండ్‌ను పథకం మొదలయ్యేముందే బ్యాంకులో సిద్ధంగా పెట్టుకోండి.

చదువు మధ్యలో ఆపేసిన పట్టణ యువతకు ఇంటర్న్‌షిప్ అందదు, వాళ్లకు కూలి పనుల పథకం నయం. సోలమన్ ఐలాండ్స్ రాజధాని హోనియారాలో 2010లో మొదలైన రాపిడ్ ఎంప్లాయిమెంట్ ప్రాజెక్టులో రోడ్లు, కాలువలు, వీధులు శుభ్రం చేసే పనితోపాటు పనికి సిద్ధం చేసే చిన్న శిక్షణ కూడా ఇచ్చారు. చేరినవాళ్లలో సగానికి పైగా మహిళలే. కూలీ రేటును మార్కెట్ కూలీకి కొంచెం తక్కువగా పెడితే నిజంగా అవసరమున్నవాళ్లే వస్తారు. ఎక్కువ పెడితే ఉన్న పని మానుకుని వచ్చేవాళ్లు క్యూ కడతారు.

మిగిలిన 750 మందికి

వ్యాపార శిక్షణ ఒక్కటే ఇచ్చి పంపితే ఊరికి ఏడో కిరాణా కొట్టు వస్తుంది, మిగతా ఆరింటి గిరాకీని పంచుకుంటుంది. చిన్న ఊళ్లో మార్కెట్ పెరగదు, చేతులు మారుతుంది. అందుకే పథకాన్ని బయటికి అమ్ముడుపోయే సరుకు చుట్టూ కట్టాలి: వనువాటులో కావా (పానీయం చేసుకునే వేరు), కిరిబాటిలో కొబ్బరి, టోంగాలో వెనీలా, లేకపోతే రాజధాని హోటళ్లకు చేపలు, కూరగాయలు. రాజధానికి చేపలు అమ్మాలంటే మంచు కావాలి. మంచు మెషీన్‌కు డీజిల్ కావాలి, విడిభాగం పాడైతే తర్వాతి నౌక దాకా ఆగాలి. కొన్న రోజే రెండో కంప్రెసర్ బెల్టు, ఫిల్టర్లు కొనకపోతే మెషీన్ ఆగిపోయి కోళ్లకు గూడవుతుంది. వ్యూహంలో విడిభాగాలకు వరుస ఉండటం వింతగా అనిపించవచ్చు, పెట్టండి.

అప్పు సంగతి మరీ చిక్కు. భూమి వంశానిది, సంప్రదాయ యజమానులది. వనువాటు రాజ్యాంగం భూమి మొత్తం స్థానిక సంప్రదాయ యజమానులదే అంటుంది. అలాంటి భూమిని యువకుడు బ్యాంకులో తాకట్టు పెట్టలేడు. కాబట్టి ‘యువతకు బ్యాంకు రుణాలు’ అన్న వాక్యం కాగితం మీదే ఉంటుంది. పడవ ఇంజన్, కొబ్బరి ఆరబెట్టే పరికరం లాంటి కదిలే ఆస్తుల మీద అప్పు, లేదా వస్తువు రూపంలో గ్రాంటు, నగదు కాకుండా, నడుస్తుంది. గ్రాంటును రెండు ముక్కలుగా ఇవ్వండి, మొదటి అమ్మకం రసీదులు చూపాకే రెండో ముక్క. చర్చి, పెళ్లి, చావు ఖర్చులకు బంధువులు అడిగితే కాదనడం ఆ కుర్రాడి తరం కాదు. డబ్బు వస్తువుగా మారి ఉంటే వాడికి చెప్పుకోవడానికి సాకు ఉంటుంది.

విమానం ఎక్కేవాళ్లు

ఆర్‌ఎస్‌ఈ 2007లో మొదలైంది. సాధారణంగా 11 నెలల్లో 7 నెలల దాకా పని, దూరం ఎక్కువ గనక కిరిబాటి, తువాలు వాళ్లకు 9 నెలలు. ఆస్ట్రేలియా 2022లో తన రెండు పాత పథకాలను కలిపి పామ్ పెట్టింది. సీజనల్ పని 9 నెలల దాకా, దీర్ఘకాలిక పని 1 నుంచి 4 ఏళ్ల దాకా. మీ వ్యూహంలో దీనికి మూడు నిర్ణయాలు కావాలి.

మొదటిది ఎంపిక జాబితా ఎవరి చేతిలో ఉండాలన్నది. యజమానులకు పాత పనివాళ్లే ఇష్టం, వాళ్ల ద్వారా వాళ్ల ఊరివాళ్లు వస్తారు. అలా వదిలేస్తే నాలుగైదు ఊళ్లే ఎదుగుతాయి. కొత్తగా తీసుకునేవాళ్లలో కొంత వాటా బయటి ద్వీపాలకు పెట్టండి. వాళ్లను వైద్య పరీక్షలకు, ఇంటర్వ్యూలకు రెండుసార్లు రాజధానికి తిప్పకుండా అన్నీ ఒకే ప్రయాణంలో అయ్యేలా చూడండి. రెండో ప్రయాణానికి నౌక దొరకకే చాలామంది జారిపోతారు.

రెండోది ఎవరు వెళ్లిపోతున్నారన్నది. సమోవా 2022 చివర్లో కొత్త ఎంపికలు ఆపి పథకాన్ని సమీక్షించింది. ఉద్యోగాలున్నవాళ్లే పండ్ల తోటల పనికి వెళ్లిపోతుండటం దానికి కారణం. నిషేధం పెట్టేకన్నా ప్రావిడెంట్ ఫండ్ చందా ప్రస్తుతం పడుతున్నవాళ్లకు వరుసలో వెనక స్థానం ఇవ్వడం నయం. ముందు ఉద్యోగం మానేసి, కొన్ని నెలలాగి దరఖాస్తు పెట్టేవాళ్లుంటారు. అందుకే గత 12 నెలల చందాలు చూడాలి.

మూడోది తిరిగొచ్చే డబ్బు. ఆస్ట్రేలియాలో యజమాని జమచేసే సూపర్ (పదవీ విరమణ పొదుపు) డబ్బును దేశం విడిచి, వీసా ముగిశాకే తీసుకోగలరు. తీసుకునేటప్పుడు సాధారణంగా 35 శాతం పన్ను పోతుంది. ఫారం, పాస్‌పోర్ట్ కాపీ, బ్యాంకు వివరాలు వెళ్లేముందే నింపి ఫైల్లో పెట్టి, తిరిగొచ్చిన వారంలో కార్మిక శాఖ కౌంటర్లోనే దరఖాస్తు పంపించే ఏర్పాటు చేయండి. ఖర్చు దాదాపు లేదు, లాభం సూటిగా ఇంటికే. ఫిజీ నేషనల్ ఎంప్లాయిమెంట్ సెంటర్ 2009 చట్టం ప్రకారం స్థానిక ఉద్యోగాలు, స్వయం ఉపాధి, స్వచ్ఛంద సేవ, విదేశీ ఉపాధి నాలుగింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. చిన్న దేశానికి ఈ అమరిక సరిపోతుంది. తిరిగొచ్చినవాడు ఏ కౌంటర్‌కు వెళ్లాలో వెతుక్కోనక్కర్లేదు.

పట్టికలో ఒక వరుస

కార్యాచరణ పట్టిక 12 వరుసలు దాటితే నలుగురు ఉద్యోగుల శాఖ దాన్ని మోయలేదు. వరుస ఎలా రాయాలో చూడండి. ‘యువతలో వ్యవస్థాపక నైపుణ్యాలు పెంపొందించడం, బాధ్యత: సంబంధిత శాఖలన్నీ, గడువు: నిరంతరం’. ఇది చెత్త వరుస, ఎవరినీ అడగలేం. దీనికి బదులు: ‘వర్క్ పర్మిట్ దరఖాస్తులో ఇస్కో-08 (ఉద్యోగాల అంతర్జాతీయ వర్గీకరణ) నాలుగంకెల ఉద్యోగ కోడ్ తప్పనిసరి చేయడం, బాధ్యత: లేబర్ కమిషనర్, గడువు: మార్చి 31, ఖర్చు: ఒక డేటా ఎంట్రీ ఉద్యోగి 6 నెలల జీతం, పద్దు సంఖ్యతో, రుజువు: ఖాళీ కోడ్‌లు 5 శాతం కన్నా తక్కువ’. పద్దు సంఖ్య లేని వరుసలను విడిగా, ‘డబ్బు దొరికితే’ అన్న శీర్షిక కింద పెట్టండి. దాతలు వచ్చినప్పుడు ఆ పేజీ చూపిస్తే చాలు, వాళ్ల సొంత పథకాన్ని మీ మీద రుద్దడం కొంత తగ్గుతుంది.

ముసాయిదాను బడ్జెట్ క్యాలెండర్‌కు కట్టండి. వనువాటు, సోలమన్ ఐలాండ్స్, కిరిబాటిలలో ఆర్థిక సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, సమోవా, టోంగాలలో జులైలో, ఫిజీలో ఆగస్టులో. ఆర్థిక శాఖ సర్క్యులర్ వచ్చే నాటికి ఖర్చు పట్టిక సిద్ధంగా ఉండాలి. నెల ఆలస్యమైతే వ్యూహానికి ఏడాది పోయినట్టే. యజమానుల సంఘం, కార్మిక సంఘం, యువజన మండలి ప్రతినిధులకు ముసాయిదా మొత్తం ఇవ్వకుండా తీసివేత లెక్క, 12 వరుసల పట్టిక రెండే పేజీలు ఇచ్చి అభిప్రాయం అడగండి, చదివి వస్తారు. బయటి ద్వీపాల మేయర్లకు, పెద్దలకు రేడియోలో స్థానిక భాషలో చదివి వినిపించడం వర్క్‌షాప్‌కన్నా చవక, ఎక్కువమందికి చేరుతుంది.

యువజన ఉపాధి వ్యూహం ఉందా అని అడిగే ఐక్యరాజ్య సమితి 8.b.1 సూచికకు దేశాలు ఇచ్చే జవాబులో మెట్లుంటాయి: వ్యూహం లేదు, తయారవుతోంది, ఆమోదం పొందింది, అమలవుతోంది. కేబినెట్ ఆమోదం అయ్యాక మూడో మెట్టు మీదే ఆగిపోవడం సులువు. నాలుగోదానికి కావాల్సిన రుజువును తొలి ఏడాది నుంచే పోగు చేసుకోండి: ప్రతి పథకంలో చేరినవాళ్లకు 6 నెలలకు, 12 నెలలకు ఒక ఫోను. చేరేటప్పుడే మూడు నంబర్లు రాసుకోండి: తనది, అమ్మదో అక్కదో ఒకటి, ఊళ్లో దుకాణందారుది లేదా చర్చివాళ్లది. సిమ్ కార్డులు తరచు మారుతుంటాయి, ఒక్క నంబరుతో ఏడాది తర్వాత సగం మంది కూడా దొరకరు. అడగాల్సినవి అయిదు ప్రశ్నలే: పోయిన వారం డబ్బుకోసం పనిచేశావా, ఎన్ని గంటలు, ఎంత వచ్చింది, ఎవరి దగ్గర, నేర్చుకున్నది వాడుతున్నావా.

చివరిగా తుపాను షరతు. 2015 మార్చిలో పామ్ అనే పేరున్న తుపాను (పై పథకానికీ దీనికీ సంబంధం లేదు) వనువాటును కొట్టినప్పుడు జరిగిన నష్టం దేశ జీడీపీలో సుమారు 64 శాతం. ఇలాంటిది అయిదేళ్ల వ్యూహ కాలంలో ఒకసారైనా రావచ్చని అనుకునే రాయాలి. అత్యవసర పరిస్థితి ప్రకటించిన రోజు నుంచి ఇంటర్న్‌షిప్ నిధుల్లో ఎంత శాతం శిథిలాల తొలగింపు కూలీకి మళ్లించవచ్చు, ఆ ఉత్తర్వుపై సంతకం ఎవరిది, రోజు కూలీ ఎంత, పనిముట్లు ఏ గోదాములో ఉన్నాయి అన్నవి ముందే రాసి కేబినెట్ పత్రానికి అనుబంధంగా జోడించండి. గడ్డపారలు, చేతి రంపాలు, తోపుడు బళ్లు, గ్లవ్స్, టార్పాలిన్లు ప్రతి పెద్ద ద్వీపంలోనూ 50 మంది జట్టుకు సరిపడా ఉండాలి. తుపాను తర్వాత మొదటి నౌక తిండి, నీళ్లు, మందులు తెస్తుంది, అందులో పారలకు చోటుండదు.